కూర్మమ్మ నోటికి మాత్ర

కూర్మమ్మ ఒడ్డు మీద నిలబడి మాట్లాడితే అలలు దాటి తెప్ప మీద ఉన్నవాడికి వినపడేది. నౌపడలో రైలు దిగి, ఉప్పు మళ్ళ గట్ల మీదుగా తూర్పుకి నడిచి మా పేటకి వచ్చే కొత్తవాళ్ళు, ఇళ్ళు కనపడక ముందే ఆవిడ గొంతు విని దారి తప్పలేదని తెలుసుకునేవారు. ఆవిడని చూసి నవ్వుకున్నవాళ్ళు ఉన్నారు. తప్పుకుని పక్క సందులోంచి పోయినవాళ్ళు ఉన్నారు. ఈ నోటి పక్కన బతకలేను, పొరుగు పేటకి పోతానని రోజూ బెదిరించి ఎప్పుడూ పోని పక్కింటి బుల్లమ్మ ఉంది. ఆ నోరు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగినవాళ్ళు మాత్రం తక్కువ.

పెళ్ళయిన కొత్తలో కూర్మమ్మ నెమ్మదైన మనిషట. నమ్మడం కష్టమే గానీ, పాతవాళ్ళంతా అదే మాట చెబుతారు. మొగుడు సోములు వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. అప్పటికి రాముడు పాలు తాగే పిల్లవాడు. తెప్పలో సోములుకి ఉన్న వాటా మాట మిగతా మగవాళ్ళు మరిచిపోయారు. మగవాళ్ళకి అలాంటి మరుపు తొందరగానే వస్తుంది. కూర్మమ్మ కొన్నాళ్ళు గుమ్మంలో కూర్చుని, ఎవరో ఒకరు వచ్చి పలకరించకపోతారా అని చూసింది. ఎవరూ రాలేదు. ఓ పొద్దున్న తెప్ప ఒడ్డెక్కే వేళకి పిల్లవాణ్ణి చంకన వేసుకుని వెళ్ళి, ఇసకలో పోసిన చేపల కుప్పకి అడ్డంగా నిలబడి అరిచింది. అవతలి తెప్పలవాళ్ళు కూడా వలలు వదిలేసి వచ్చి చుట్టూ మూగేదాకా అరిచింది. సోములు వాటా ఆవిడ గంపలో పడింది. ఆ రోజు తెరిచిన నోరు మళ్ళీ మూయలేదు. మూస్తే పిల్లవాడి నోట్లోకి ముద్ద పోదని ఆవిడకి తెలిసిపోయింది.

ఒడ్డున చేపలు వేలం వేయడాన్ని మావాళ్ళు పాట అంటారు. కూర్మమ్మ గొంతు లేని పాట అప్పట్లో ఎవరికీ గుర్తు లేదు. మంచి సరుకుని ఎవరైనా తక్కువకి తన్నుకుపోదామని చూస్తే, వాడి తాతముత్తాతల్ని పేరు పేరునా ఒడ్డు మీదకి పిలిచేది. చేపని ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది ఇవాళ్టిది, ఇది నిన్నటిది అని చెప్పేసేది. పచ్చిచేప దగ్గర ఊళ్ళలో అమ్మేది. ఎండుచేప గంపకెత్తుకుని పర్లాకిమిడి పోయే చిన్న రైలెక్కేది. ఆ రైల్లో గార్డు కూడా ఆవిడ గంపని పక్కకి జరపమనేవాడు కాదు.

రాముడికి కళింగపట్నం వైపు నుంచి నీలవేణిని తెచ్చి పెళ్ళి చేశాక, ఆ నోరు ఇంట్లో కూడా కాపురం పెట్టింది. అంబలి పలచనైతే ఒక తిట్టు, చిక్కనైతే ఇంకో తిట్టు. వాకిలి ఊడిస్తే చీపురు శబ్దానికి తిట్టు, ఊడవకపోతే చెప్పనే అక్కర్లేదు. నీలవేణి తగాదా పెట్టుకునే పిల్ల కాదు. తల వంచుకుని పని చేసుకుపోయేది. తల వంచుకుంటే కూర్మమ్మకి ఇంకా కోపం. ఎదురు మాట్లాడటం రాని ఆడది రేపు పాటలో ఎలా నిలబడుతుందని ఆవిడ బాధ. ఆ బాధ కూడా తిట్టులాగే బయటికి వచ్చేది. రాముడు మంచివాడే, కానీ తల్లి గొంతు లేవగానే వల భుజాన వేసుకుని ఒడ్డుకి పోయేవాడు. చిరగని వలకి కూడా అతుకులు వేస్తూ కూర్చునేవాడు. వాడి సంగతి చెప్పుకోవాల్సినంత గొప్పగా ఏమీ లేదు.

అరవైఎనిమిది వేసవిలో ఓ రోజు పాట మధ్యలో కూర్మమ్మ ముక్కులోంచి నెత్తురు కారింది. తల పగిలిపోతోందని ఇసకలో కూలబడింది. తడిగుడ్డ వేసినా నెత్తురు ఆగలేదు. రాముడూ నీలవేణీ ఆవిడని టెక్కలి తీసుకువెళ్ళారు. అక్కడ జగన్నాధం గారని ఒక డాక్టరు ఉండేవారు. వయసులో చిన్నవారు, మాట నెమ్మది.

డాక్టరు గారి వసారాలో బల్ల మీద ఒక షావుకారు గుండె మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. కూర్మమ్మ నెత్తుటి గుడ్డ ముక్కుకి అదుముకుంటూనే ఆయన ఊరూ పేరూ అడిగింది. ఆయన పలకలేదు. మళ్ళీ అడిగింది. ఆయన వేలితో నోరు చూపించాడు. గుండెనొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే మాత్ర నోట్లో ఉందని, అది కరిగేదాకా ఆయన మాట్లాడరని కాంపౌండరు చెప్పాడు. మాట్లాడకుండా బతికే రోగం కూడా ఒకటుందా అని ఆవిడ ఆశ్చర్యపోయింది.

డాక్టరు గారు జబ్బకి గుడ్డ చుట్టి, రబ్బరు బుడ్డి నొక్కుతుంటే పెట్టెలో పాదరసం పైకి ఎక్కింది. “ఏటి బాబు, నా రెక్కకి గాలి కొడతన్నావు, నానేటి సైకిలు సక్రాన్నా?” అంది కూర్మమ్మ. ఆయన నవ్వారు గానీ, పాదరసం వైపు చూశాక నవ్వు ఆగిపోయింది. పైది రెండు వందలు దాటి ఉంది. ఈ రక్తపోటు ఇలాగే ఉంటే ఏదో ఒక రోజు మెదడులో నరం చిట్లుతుందని, లేదంటే గుండె అలిసిపోతుందని చెప్పారు. ఉప్పు తగ్గించమన్నారు. ఎండుచేప మీద బతికే ఇంటికి అది ఎంత తేలికైన సలహానో ఆయనకీ తెలుసు. రోజూ పొద్దున్న వేసుకోమని చిన్న చిన్న తెల్ల మాత్రలు రాశారు. రిజర్పిన్ అని వాటి పేరు. అడవిలో దొరికే సర్పగంధ వేరులోంచి తీస్తారని, నరాలని నెమ్మదింపజేసి పోటు దించుతాయని చెప్పారు.

రాముడు అప్పటికి టీ తాగడానికి బయటికి పోయాడు. కూర్మమ్మ వసారాలో షావుకారు నోరు ఖాళీ అయిందేమో చూస్తోంది. డాక్టరు గారు నీలవేణిని ఆపారు.

“అమ్మాయ్, ఈ మాట జాగ్రత్తగా విను. ఈ మందు కొందరిలో పోటుతో పాటు మనసుని కూడా దించేస్తుంది. ఆవిడ మాట తగ్గిపోయినా, తిండి మీద ఇష్టం పోయినా, ఊరికే దిగులుగా కూర్చున్నా వెంటనే నా దగ్గరికి తీసుకురా. తగ్గింది కదా అని ఊరుకోవద్దు.”

నీలవేణి తల ఊపింది. మా అత్త మాట తగ్గడమా అని లోపల నవ్వుకుంది కూడా. ఈ సంగతులన్నీ ఆ పిల్లే తరవాత చెప్పింది. అడిగినవాళ్ళకీ చెప్పింది, అడగనివాళ్ళకీ చెప్పింది. అందుకే ఇంత వివరంగా చెప్పగలుగుతున్నాను.

రోజూ పొద్దున్న అంబలితో పాటు మాత్ర నీలవేణే చేతిలో పెట్టేది. మొదటి రోజుల్లో కూర్మమ్మ దాన్ని కూడా తిట్టింది. ఇంత లేదు, ఇదేటి నన్ను బాగుచేసీది అంది. తలనొప్పి తగ్గింది. నెత్తురు మళ్ళీ రాలేదు. ముక్కు మాత్రం ఎప్పుడూ దిబ్బడ వేసినట్టుండేది. చేపని ముక్కు దగ్గర పెట్టుకుని, వాసన తెలియక, మళ్ళీ పెట్టుకుని చూసేది. ఆ తరవాత తిట్లు తగ్గాయి. ముందు తాతముత్తాతల్ని పిలవడం మానేసింది. కొన్నాళ్ళకి ఎదుటివాళ్ళని అనడమూ మానేసింది. వానలు పడే వేళకి కూర్మమ్మ ఇంట్లో ఉందో లేదో బుల్లమ్మ తొంగి చూసి తెలుసుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ మా పేటవాళ్ళ తెలివి గురించి చెప్పాలి. కూర్మమ్మ రోగమంతా ఆవిడ నోట్లోనే ఉందని వాళ్ళు ఎప్పుడో తేల్చేశారు. అరిచి అరిచి నెత్తురు పొంగింది, అరుపు ఆగింది కాబట్టి నెత్తురు దిగింది, రోగం కుదిరింది. ఇంతకన్నా సులువైన లెక్క ఇంకేముంటుంది? డాక్టరు బాబు చెయ్యి చల్లనిదన్నారు. తన మొగుడికి కూడా ఆ మాత్రలు ఇప్పించమని ఒకావిడ నీలవేణిని బతిమాలింది. బుల్లమ్మయితే గంగమ్మ తల్లికి మొక్కుకున్న కోడిని కోసేసింది. అంతా కలిసి తిన్నారు. తన నోరు పడిపోయినందుకు కోసిన కోడిని కూర్మమ్మ కూడా ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. మొక్కు దేనికని అడగలేదు. పాత కూర్మమ్మ అయితే కోడి ఈకల దగ్గర్నుంచి ఆరా తీసేది.

నీలవేణికి మాత్రం తెలుసు. మొదటిసారి కూర్మమ్మ గంప పక్కన పెట్టుకుని, పని లేకుండా గోడకేసి చూస్తూ కూర్చున్న రోజునే డాక్టరు గారి మాట గుర్తొచ్చింది. రేపు తీసుకెళ్ళాలి అనుకుంది. రేపు వచ్చింది. ఆ రోజు అంబలి మాడింది, ఎవరూ ఏమీ అనలేదు. నీలవేణి గిన్నె తోముతూ చాలాసేపు చెవి ఒగ్గి చూసింది. సముద్రం హోరు తప్ప ఏమీ లేదు. పెళ్ళయ్యాక తను ఆ హోరు ఇంట్లోంచి వినడం అదే మొదటిసారి. ఇంకో రెండు రోజులు చూద్దాం అనుకుంది.

ఓ సాయంత్రం రాముడు అన్నం తింటూ, వలలో పడిన పీత ఒకటి వాళ్ళ తెప్ప పెద్దమనిషి పంచె పట్టుకుని వదలని సంగతి చెప్పాడు. నీలవేణికి నవ్వు ఆగలేదు. అలవాటుగా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మూలనుంచి ఏ మాటా రాలేదు. కొంగు తీసేసి మళ్ళీ నవ్వింది. రాముడు కూడా పడి పడి నవ్వాడు. కూర్మమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఆ తరవాత రోజూ ఏదో ఒకటి చెప్పుకుని నవ్వుకునేవారు. కొత్తగా పెళ్ళయినట్టుంది వాళ్ళకి. వాళ్ళని నేను తప్పు పట్టలేను, మెచ్చుకోనూలేను.

మాత్రలు అయిపోతే నీలవేణి ఒక్కర్తీ టెక్కలి వెళ్ళింది. అత్తని తీసుకురాలేదేమని డాక్టరు గారు అడిగారు. అమ్మకానికి పోయిందని చెప్పింది. దిగులుగా ఏమైనా ఉంటున్నారా అని అడిగారు.

“నేదు బాబు. బాగున్నాది. ఎప్పట్లాగే మాటాడతన్నాది,” అంది.

ఆయన సంతోషించారు. ఈసారి తప్పకుండా తీసుకురమ్మని చెప్పి మళ్ళీ రాసిచ్చారు. ఆ అబద్ధం ఆడటానికి నీలవేణి నీళ్ళు నమలలేదు, తడబడలేదు. ముందుగా అనుకుని కూడా వెళ్ళలేదు. అడగ్గానే నోటికి వచ్చేసింది. తన నోరు ఇంత తేలిగ్గా తిరుగుతుందని తనకే తెలియదు. తిరుగు ప్రయాణంలో ఉప్పు మళ్ళ గట్టు మీద నడుస్తూ, ఆ మాత్రల పొట్లం కొంగున ముడి వేసుకుంటే అది గుండె మీద రాయిలాగ ఉందట. అయినా మర్నాడు పొద్దున్న అంబలితో పాటు ఇచ్చింది.

కూర్మమ్మ పాటలో నిలబడేది గానీ పాడేది కాదు. మంచి వంజరం చేపల కుప్ప ఎదురుగా ఉన్నా, ముందు ఎవరు ధర అంటే వాళ్ళకే పోయేది. ఖాళీ గంపతో తిరిగొచ్చేది. కొన్నాళ్ళకి ఒడ్డుకే పోవడం మానేసింది. గంప నీలవేణి ఎత్తుకుంది. తలవంచుకునే నీలవేణి పాటలో నోరు విప్పి అడగడం, ఊళ్ళలో బేరాలాడటం నేర్చుకుంది. ఇంట్లో ఏది వండాలో తనే అనుకునేది. అదీ బాగుంది ఆమెకి. బాగున్నప్పుడల్లా లోపల ఎక్కడో గుచ్చుకునేది, గుచ్చుకున్నప్పుడల్లా అత్త కంచంలో ఇంకొంచెం కూర వేసేది. ఆవిడ కెలికి వదిలేసేది. జబ్బలు సన్నబడ్డాయి. రవిక వదులైంది. జుట్టు చిక్కులు పడి ఉండేది. నీలవేణి నూనె రాసి దువ్వుతుంటే, ఆవిడ ఎవరో పరాయివాళ్ళ తల అప్పగించినట్టు కూర్చునేది.

ఆ రోజు నీలవేణి పర్లాకిమిడి సంతకి పోయి, మధ్యాహ్నం రైలుకి తిరిగొచ్చింది. ఇంట్లో కూర్మమ్మ లేదు. పొద్దుటనుంచీ ఒడ్డునే ఉంది, స్నానానికనుకున్నాను అని బుల్లమ్మ చెప్పింది. నీలవేణి గంప అక్కడే పడేసి పరిగెత్తింది. అలలు విరిగే చోట కూర్మమ్మ కూర్చుని ఉంది. అల వచ్చి రొమ్ముల దాకా కొట్టి వెనక్కి పోతోంది. నడుం చుట్టూ ఇసక పేరుకుంది. పెదవులు తెల్లగా ఉన్నాయి. నీలవేణి జబ్బ పట్టుకుని లాగింది. ఆవిడ లేవలేదు.

“అల పోతంటే కింద ఇసక కూడా ఎల్లిపోతన్నాది,” అంది కూర్మమ్మ, మామూలుగా. “బాగున్నాది. ఇంకాస్త లోనకి ఎల్దామనుకున్నాను. లెగడానికి ఓపిక నేక ఉండిపోనాను గానీ, నేకపోతే ఎల్లిపోదును.”

నీలవేణి మోకాళ్ళ మీద పడి ఆవిడని వెనకనుంచి పట్టుకుంది. ఇంతకాలం ఇంట్లో అనుభవించిన నెమ్మది ఎవరి ఒంట్లోంచి తీసుకున్నదో ఆ నీళ్ళలో కూర్చుని చూసింది. ఇది తన చేత్తో తను చేసిన పని. రోజూ పొద్దున్న, అంబలితో పాటు. బుల్లమ్మా ఇంకో ఇద్దరూ వచ్చి తలో చెయ్యి వేస్తేగానీ కూర్మమ్మని లేవదీయలేకపోయారు.

మర్నాడు మాత్ర ఇవ్వలేదు. ముగ్గురూ టెక్కలి వెళ్ళారు. డాక్టరు గారు కూర్మమ్మ కళ్ళలోకి చూశారు, నాడి చూశారు. బాగా నెమ్మదిగా కొట్టుకుంటోందన్నారు. ఆవిడని రాముడితో బయట కూర్చోబెట్టి, ఎప్పటినుంచి ఇలా ఉందని నీలవేణిని అడిగారు.

“అప్పుడు నానొచ్చినప్పటికే ఇలగున్నాది బాబు. మీరు సెప్పినారు, నాను దాసినాను. ఇంట్లో నెమ్మదిగా ఉన్నాదని దాసినాను.”

ఆయన కేకలేస్తారని ఎదురుచూసింది. ఆయన బల్ల మీద పెన్ను అటూ ఇటూ జరిపారు. తర్వాత, ఇప్పుడైనా చెప్పావు అన్నారు. ఆ మాట కంటే రెండు చెంపలూ వాయించినా బాగుండేదని నీలవేణి అనేది.

ఆ మాత్ర ఇక వద్దన్నారు. అది ఒంట్లోంచి పోవడానికే రోజులు పడుతుందని, మనసు తేరుకోవడానికి నెలలు పట్టవచ్చని, అంతవరకు సముద్రం వైపు ఒంటరిగా పోనివ్వవద్దని చెప్పారు. పోటుకి ఇంకో మాత్ర రాశారు. అది ఒంట్లో నీరు లాగి, నీటితో పాటు ఉప్పునీ బయటికి పంపుతుందట. దాంతో బలం తగ్గకుండా అరటిపళ్ళో కొబ్బరినీళ్ళో ఇవ్వమన్నారు. పొద్దున్నే వేస్తే మాటిమాటికి ఒంటికి పోవాల్సి వస్తుందనీ చెప్పారు. చిన్న రైల్లో, సంతలో ఆడవాళ్ళకి ఆ సదుపాయం ఎక్కడుందని నీలవేణి సిగ్గుపడుతూ అడిగింది. అమ్మకానికి పోయే రోజున ఇంటికి వచ్చాక వేసుకోవచ్చన్నారు ఆయన. ఏ కాస్త తేడా ఉన్నా చెప్పమన్నారు. ఈసారి ఆ మాట రాముణ్ణి కూడా లోపలికి పిలిచి చెప్పారు.

దారిలో అత్తని కాస్త ముందు నడవనిచ్చి, నీలవేణి రాముడికి జరిగిందంతా చెప్పేసింది. వాడు తిడతాడనుకుంది. వాడు తల్లి వీపు చూస్తూ నడిచాడు.

“నువ్వు దాసినావు సరే. నానేటి కళ్ళు నేనోణ్ణా?” అన్నాడు చివరికి.

ఆ మాట విన్నాక వాడి మీద నాకు కాస్త గౌరవం కలిగింది. ఎక్కువ కాదు.

కార్తీకం వెళ్ళేదాకా నీలవేణి అత్తని కనిపెట్టుకుని ఉంది. సంతకి పోతే బుల్లమ్మని కాపలా పెట్టేది. కోడి కోసినందుకు బుల్లమ్మకీ ఏదో తప్పు చేసినట్టే ఉండేది, అందుకని చెప్పిన పనల్లా చేసేది. కూర్మమ్మ ముందు అన్నం తినడం మొదలుపెట్టింది. తర్వాత జుట్టు తనే దువ్వుకుంది. ముక్కు దిబ్బడ పోయింది. ఓ పొద్దున్న నీలవేణి తెచ్చిన చేపని చేతిలోకి తీసుకుని, వాసన చూసి, ఇది నిన్నటిది అంది. అంతే అంది. నీలవేణి వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆపైన కొన్నాళ్ళకి కోడలి వెనకే ఒడ్డుకి వచ్చి, పాటలో ఒక పక్కగా నిలబడింది. నెత్తళ్ళ కుప్ప ఒకటి అన్యాయంగా తక్కువకి పోతోంది. కూర్మమ్మ నోరు తెరిచింది. ముందు గొంతు రాలేదు, గురక లాంటిది వచ్చింది. గొంతు సవరించుకుని మళ్ళీ తెరిచింది. పాడుతున్నవాడి తాతని పిలిచింది. ఆ తర్వాత వాడి ముత్తాతని. ఒడ్డంతా ఆగి చూసింది. బుల్లమ్మ కళ్ళు తుడుచుకుంటూ, వచ్చేసినాదే ముదనష్టపుది అని ముక్కు చీదింది. నెత్తళ్ళు కూర్మమ్మ గంపలో పడ్డాయి. అందరికన్నా ఎక్కువగా ఊపిరి పీల్చుకున్నది నీలవేణి. తన తప్పు కడిగేసుకున్నాననుకుంది. ఇక ఇంటికొచ్చి తిడుతుంది, తల వంచుకుని ఎంతైనా పడతాను అనుకుంది.

కూర్మమ్మ ఇంట్లో తిట్టలేదు. ఆ రోజూ తిట్టలేదు, ఆ తర్వాతా తిట్టలేదు. ఒడ్డు మీద, సంతలో, చిన్న రైల్లో ఆ గొంతు పాత గొంతే. వాకిట్లోకి రాగానే తగ్గిపోయేది. చెయ్యాల్సిన మాట మెల్లగా చెప్పేది, లేదంటే తనే లేచి చేసుకునేది. నీలవేణి కావాలని అంబలి మాడ్చింది. కూర్మమ్మ మాడిన అడుగు వదిలి పైది తాగింది. ఎండబెట్టిన చేపలకి కాపలా లేకుండా వదిలేస్తే, వచ్చి కాకుల్ని తోలుకుంది. కోడలంటే ఎంత ప్రేమ పుట్టిందో అని పేటంతా చెప్పుకున్నారు. చావబోయేదాన్ని ఆ పిల్లే బతికించింది కదా అన్నారు. కూర్మమ్మ కూడా సంతలో అందరికీ అదే చెప్పేది, నాలుగు వీధులకి వినపడేలాగ. పక్కన గంప పెట్టుకుని కూర్చున్న నీలవేణికి ఆ పొగడ్త వింటుంటే ఒళ్ళంతా ముళ్ళు దిగినట్టుండేది. తన పాపం దాచింది కాక, ఇప్పుడు పుణ్యం కూడా మూట కట్టుకుంటోంది.

పట్టలేక ఓ మధ్యాహ్నం చెప్పేసింది. ఇద్దరూ వాకిట్లో ఎండుచేపలు ఏరుతున్నారు. డాక్టరు గారు చెప్పిన మాట, తను ఊరుకున్న రోజులు, టెక్కలి వెళ్ళి ఆడిన అబద్ధం అన్నీ చెప్పింది. చెప్పి తల వంచుకుంది.

కూర్మమ్మ చేతిలో చేప కింద పెట్టలేదు.

“డాక్టరు సెప్పినది నాకు తెలీదు,” అంది. “మాత్ర మింగితే మాట పోతన్నాదని తెలీదేటే? నా నోరు కాదేటి అది. ఓపాలి ఊసీదామని బుగ్గన ఎట్టుకున్నాను. ముందు రాతిరి అన్నంకాడ నువ్వూ ఆడూ నవ్వినారు. ఆడు పెద్దోడైనకాడి నుంచి ఆడి నవ్వు నానిననేదు. నాను నోరు మూసుకుంటే ఆడు నవ్వతాడని అప్పుడు తెలిసినాది. ఊసీబుద్ధి కానేదు. మింగేసినాను.”

నీలవేణి ఆవిడ కాళ్ళు పట్టుకుంది. తిట్టు అత్తా, ఒక్కపాలి తిట్టు అని ఏడ్చింది. కూర్మమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది. ఎండ పోతన్నాది, ఏరు అంది.

ఆ సాయంత్రం ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. అత్త అన్న మాటలన్నీ నీలవేణి అప్పటికే రాముడికి చెప్పేసింది. ఇద్దరూ తలలు వంచుకుని తింటున్నారు. కూర్మమ్మ తలెత్తి కొడుకుని చూసింది, కోడల్ని చూసింది. గొంతు తగ్గించుకుని, బతిమాలుతున్నట్టు అడిగింది.

“ఏటర్రా, నవ్వరేటి? నానేటీ అనడం నేదు కదా.”

రాముడు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.